గురి తప్పుట – 'సిన్' అను ఆంగ్ల పదము, 'తప్పు' అను మన మాట

నూరేండ్ల పండుగ లెక్క చూచుకొను పండుగ. ఎన్ని దేవాలయములు కట్టబడెను, ఎన్ని బడులు నడిచెను, ఎందరు బోధకులు ఎండలో నడిచి గ్రామములకు వెళ్లిరి అను సంగతులను ఈ సంచికలో పెద్దలు వ్రాయుచున్నారు. మేము మాత్రము ఒక చిన్న మాట యొక్క చరిత్రను వ్రాయ తలపెట్టితిమి. ఈ నూరేండ్లలో మన సంఘములన్నిటియందు ప్రతి ఆదివారము ఒప్పుకోలు ప్రార్థనలో మోకాళ్లమీద పలుకబడిన మాట అది. ఆంగ్లములో దానిని 'సిన్' అందురు. మనము 'పాపము' అనుచున్నాము.

అలవాటైన మాట అరిగిపోయిన రూపాయి వంటిది. చేతులు మారుచునే యుండును గాని దానిమీది ముద్ర ఎవరికిని కనబడదు. కాబట్టి ఆ ముద్రను ఒక్కసారి తుడిచి చూచుట ఈ శతాబ్ది సమయమున యుక్తమని తోచినది. ఇది పండితుల వాదము కొరకు కాదు. ఈ మాటను సరిగా గ్రహింపని యెడల మన యిండ్లలో ఎంత కీడు కలుగునో వ్యాసము చివర చూతము.

విలుకాండ్ర కథ

ఉజ్జీవ కూటములలోను, యౌవనస్థుల శిబిరములలోను బోధకులు తరచుగా చెప్పు కథ యొకటి గలదు. పూర్వము ఇంగ్లండు దేశములో విలువిద్య నేర్చుకొనువారు ఒక చెక్కమీద గురి గీసి బాణములు వేయుచుండిరట. బాణము గురికి చేరక ఇవతల పడినను, ప్రక్కకు పోయినను, అక్కడ నిలిచియున్నవాడు 'సిన్!' అని కేక వేయునట. కాబట్టి 'సిన్' అనగా గురి తప్పుట అని బోధకుడు ముగించును.

కథ చక్కగా నున్నది. పిల్లలకు సహితము గుర్తుండును. అయితే చరిత్ర దృష్టితో చూచినప్పుడు ఇది నిలువదు. ఆంగ్ల భాషకు ప్రామాణికమైన నిఘంటువులలో 'సిన్' అను మాటకు బాణము తప్పుట అను అర్థము కనబడదు. అట్లని కథ చెప్పినవారు అబద్ధమాడిరని అనరాదు. గురి తప్పుట అను అర్థము నిజముగా పరిశుద్ధ గ్రంథములో నున్నది. అది హెబ్రీ, గ్రీకు మాటలకు చెందినది. ఎవరో దానిని తెచ్చి ఆంగ్లపదమునకు తగిలించిరి. ఒకరి బిడ్డను మరియొకరి యింటిపేరుతో పిలిచినట్లయినది. బిడ్డ మంచిదే. ఇంటిపేరు మాత్రము సరిచేయవలెను.

ఆంగ్లపదము పుట్టిన ఇల్లు

597వ సంవత్సరమున రోము నుండి అగస్టీను అను మిషనరీ (హిప్పో పట్టణపు గొప్ప అగస్టీను కాదు, తరువాతి వాడు) ఇంగ్లండులోని కాంటర్‌బరీకి వచ్చి ఆంగ్లో-సాక్సను ప్రజలకు సువార్త ప్రకటించెను. ఆ ప్రజలకు తమదైన భాష యుండెను. మిషనరీలు తెచ్చిన గ్రంథములు లాటిను భాషలోనివి. వాటిలోని పాపము అను భావమునకు ఆ ప్రజల నోట నున్న 'సిన్' అను మాట స్థిరపడెను. నేరము, అపరాధము, పగ అను అర్థములు ఆ మాటకు ఆ ప్రాచీన భాషలో గలవు. 14వ శతాబ్దపు విక్లిఫ్ అనువాదములోను, 1526లో అచ్చయిన టిండేలు క్రొత్త నిబంధనలోను, 1611లో వెలువడిన జేమ్సు రాజు అనువాదములోను ఇదే మాట నిలిచెను.

ఈ మాట ఎక్కడ పుట్టినది? జర్మను భాషలోని 'జ్యూండె' దీనికి తోబుట్టువు. లాటినులో దోషి అను అర్థమిచ్చు 'సోన్స్' అను మాట దీనికి చుట్టము. వీటన్నిటికిని మూలము 'ఉండుట' అను అర్థముగల ప్రాచీన ధాతువని భాషాశాస్త్రజ్ఞులలో అనేకుల అభిప్రాయము. ఆ ధాతువు మనకు పరాయిది కాదు. సంస్కృతములోని 'అస్తి', 'సత్', 'సత్యము' అను మాటలు దానినుండి పుట్టినవే. అనగా ఆంగ్లేయుల 'సిన్', మన 'సత్యము' దూరపు బంధువులు!

పాపమునకు సత్యమునకు చుట్టరికమేమి అని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. పూర్వకాలపు పంచాయతీని ఊహించుకొనుడి. నేరము మోపబడినవాడు నిలువబడియున్నాడు. పెద్దలు విచారించి, 'అది నిజమే, ఈ పని చేసినవాడు వీడే' అని తేల్చుదురు. 'అది ఉన్నది, అది నిజము' అను మాటనుండి దోషి అను అర్థము, దోషినుండి దోషము అను అర్థము వచ్చినవని ఆ పండితుల వివరణ.

ఇది విన్నప్పుడు మనకు 2 సమూయేలు 12వ అధ్యాయము జ్ఞాపకమునకు రాకమానదు. పేదవాని గొర్రెపిల్లను కాజేసిన ధనవంతుని కథ విని దావీదు కోపముతో మండిపడెను. అప్పుడు నాతాను ప్రవక్త, ఆ మనుష్యుడు నీవే అని వ్రేలు చూపెను. దావీదు సాకులు చెప్పలేదు, ఒప్పుకొనెను. ఆంగ్ల పదములో విల్లు లేదు, బాణము లేదు. ఉన్నది ఒక వ్రేలు, ఒక ఒప్పుకోలు. 'అవును, నిజమే, నేనే.' విలుకాండ్ర కథ పోయినందున మనకు నష్టమేమియు లేదు.

వడిసెల రాయి

ఇక గురి తప్పుట అను అర్థము ఎక్కడిది? పాత నిబంధనలో పాపమునకు వాడబడిన హెబ్రీ మాటలలో ముఖ్యమైనది 'హాతా'. దీని మొదటి అర్థము తప్పుట, తగులకపోవుట. న్యాయాధిపతులు 20వ అధ్యాయము 16వ వచనములో బెన్యామీను గోత్రపు యోధులను గూర్చి చెప్పబడినది. ఎడమచేతి వాటముగల ఏడువందలమంది తలవెండ్రుకను గురిచేసి వడిసెలతో రాయి విసరినను తప్పకుండ కొట్టగలవారట. అక్కడ 'తప్పకుండ' అను చోట ఈ 'హాతా' అను క్రియయే యున్నది. దావీదు 'పాపము చేసితిని' అని ఒప్పుకొన్నప్పుడు వాడినదియు ఆ క్రియయే. సామెతలు 19వ అధ్యాయము 2వ వచనములో తొందరపడి నడచువాడు దారి తప్పునను చోటను ఇదియే.

వడిసెల అనగా నేమో మన పెద్దలకు చెప్పనక్కరలేదు. జొన్నచేలు విస్తారముగా నున్న కాలమున, కంకి పాలుపోసుకొన్నది మొదలు కోత వరకు, చేనినడుమ మంచె వేసి దానిమీద నిలిచి వడిసెలతో పిట్టలను తోలెడివారు. రాయి గురి తప్పిన యెడల పిట్టకు ఏమియు కాదు. గింజ పోవును. నష్టము చేనుగల వానిది. సామెతలు 8వ అధ్యాయము చివర జ్ఞానము మాటలాడుచు, నన్ను తప్పిపోవువాడు తనకే హాని చేసికొనునను భావమును పలుకుచున్నది. అక్కడ కూడ 'హాతా' అను మాటయే. మంచెమీద నిలిచిన వానికి ఆ వాక్యము వ్యాఖ్యానము లేకయే అర్థమగును.

మరియొక సంగతి. 1948కి పూర్వము నిజాము పాలనలో మన జిల్లాల కచేరీ భాష, పై తరగతుల చదువు భాష ఉర్దూ. ఆ చదువు చదివినవారికి 'ఖతా' అను మాట తెలియును. ఖతా అనగా తప్పు, అపరాధము. బాణము గురి తప్పినను ఉర్దూలో 'ఖతా' అయినదనియే అందురు. ఈ మాట అరబ్బీ నుండి వచ్చినది. అరబ్బీ, హెబ్రీ భాషలు అక్కచెల్లెండ్రు గనుక ఆ 'ఖతా', ఈ 'హాతా' ఒక్క తల్లి బిడ్డలు. కరీంనగరు కచేరీలో ముద్దాయి తన ఖతాను ఒప్పుకొన్నప్పుడు, తెలియకయే దావీదు పలికిన మాటకు తోబుట్టువును పలికెనన్నమాట.

అయితే హెబ్రీ భాషలో పాపమునకు ఈ యొక్క మాట మాత్రమే కాదు. 'పెషా' అనగా తిరుగుబాటు. సొలొమోను మరణించిన తరువాత ఇశ్రాయేలువారు దావీదు ఇంటివారిమీద తిరుగబడిరని 1 రాజులు 12వ అధ్యాయములో చెప్పుటకు ఈ ధాతువే వాడబడెను. 'ఆవోన్' అనగా వంకర, ఆ వంకరవలన కలుగు దోషము. 51వ కీర్తన ఆరంభములో ఈ మూడు మాటలును వరుసగా వచ్చును. మన తెలుగు బైబిలులో వాటికి అతిక్రమము, దోషము, పాపము అని వాడిరి. ఎవరో ఒకడు గురిచూచి కొట్టబోయి తప్పినాడు, అది ఒక విధము. ఇంకొకడు గురివైపునకు వీపు త్రిప్పినాడు, అది మరియొక విధము. మరియొకని బాణమే వంకరగా నున్నది. పాపమంతయు గురి తప్పుట మాత్రమే అనినయెడల, 'ఏదో పొరబాటు, మరల వేయుదము' అని మనుష్యుడు తేలికగా తప్పించుకొనును. దావీదు మూడు మాటలును వాడి ఆ తలుపులన్నియు మూసివేసెను.

గ్రీకువారి మాటలు రెండు

క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దము మొదలుకొని ఐగుప్తులోని అలెగ్జాండ్రియలో యూదులు తమ లేఖనములను గ్రీకులోనికి త్రిప్పిరి. 'హాతా' అను మాటకు వారు ఎక్కువగా 'హమార్టియ' అను మాటను వాడిరి. ఇది పాత గ్రీకు మాట. హోమరు కావ్యములో వీరుడు విసరిన ఈటె శత్రువునకు తగులక పోయినప్పుడు దీని క్రియారూపమే వచ్చును. క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దమున అరిస్టాటిలు నాటకములను గూర్చి వ్రాయుచు, గొప్పవాడు పతనమగుటకు కారణమైన పొరబాటును ఈ పేరుతోనే పిలిచెను. అలెగ్జాండ్రియ యూదులు ఆ మాటను తీసికొని దానికి దేవుని సన్నిధిని చేర్చిరి. అప్పటినుండి అది ఉత్త పొరబాటు కాదు, దేవుని యెదుట జరిగిన తప్పు. క్రొత్త నిబంధనలో పాపమునకు సామాన్యముగా వచ్చునది ఈ మాటయే.

రోమీయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయము 23వ వచనము మన సండేస్కూలు పిల్లలందరికి కంఠతా వచ్చును. ఆ వచనములో క్రియలు రెండు. మొదటిది ఈ 'హమార్టియ' యొక్క క్రియ. అందరును పాపము చేసిరి అనునది. రెండవది 'హుస్టెరియో'. దాని అర్థము వెనుకబడుట, చాలకపోవుట, కొరతపడుట. దేవుని మహిమ యొద్దకు చేరుకొనలేక వెనుకనే నిలిచిపోవుచున్నారు అని దాని భావము.

ఈ రెండవ క్రియ క్రొత్త నిబంధనలో ఎక్కడెక్కడ వచ్చునో చూచుట మేలు. కానా వివాహములో ద్రాక్షారసము అయిపోయినప్పుడు ఇదే మాట. ఆజ్ఞలన్నియు చిన్ననాటినుండి గైకొన్న ధనవంతునితో, నీకు ఒకటి కొదువగా నున్నదని ప్రభువు చెప్పినప్పుడు ఇదే మాట. ఫిలిప్పీ సంఘమునకు పౌలు, లేమియందుండుటకు సహితము నేర్చుకొంటినని వ్రాసినప్పుడు ఇదే మాట. కానాలో పెండ్లివారు చేసిన పాపమేమి? ఏమియు లేదు. వారి యింట కొరత కలిగినది, అంతే. చెరసాలలోని పౌలునకు కొరత కలుగుట పాపము వలననా? కాదు. కాబట్టి 'తప్పు' వేరు, 'కొరత' వేరు. రోమా పత్రికలో ఆ రెండును ఒక్క వచనములో కలిసినవి గాని, ప్రతి కొరతయు పాపమని పౌలు వ్రాయలేదు. ఈ భేదమును పాఠకులు మనస్సున నుంచుకొందురుగాక.

మన తెలుగు మాట

బెంజమిను షుల్ట్జ్ అను జర్మను మిషనరీ మద్రాసులో నుండి 1727లో క్రొత్త నిబంధనను తెలుగులోనికి త్రిప్పెను. అది అచ్చు కాలేదు. 1805లో లండను మిషనువారైన క్రాను, డెగ్రాంజి అనువారు విశాఖపట్టణమునకు వచ్చి అనువాదమునకు పూనుకొనిరి. సెరాంపూరులో కేరీ గారి ముద్రణాలయము నుండి తెలుగు క్రొత్త నిబంధన 1818లో వెలువడెను. ఆ తరువాత అనేక సవరణలు జరిగి, నేడు మనము చదువు గ్రంథము వచ్చినది. దానిలో 'హమార్టియ' అను మాటకు 'పాపము' స్థిరపడెను. అది సంస్కృతమునుండి వచ్చినది, గంభీరమైనది, పండితులు పామరులు ఎరిగినది. అనువాదకులు దానిని వాడుట సహజమే.

అయితే మన స్వంత తెలుగులో మరియొక మాట యున్నది. అదియే 'తప్పు'. బ్రౌను దొరగారి నిఘంటువు 1852లో అచ్చయినది. దానిలో కూడ ఈ మాటకు తగులకపోవుట, నేరము అను రెండు అర్థములును గలవు. గురి తప్పినది, దారి తప్పినాడు, మాట తప్పినాడు, వరుస తప్పినది. హెబ్రీవారు, గ్రీకువారు ఏ చిత్రమును చూచిరో మన తాతలు అదే చిత్రమును చూచిరి. ఎవరి యొద్దనో అరువు తెచ్చుకొన్నది కాదు. ఇంగ్లండు విలుకాండ్ర యొద్దకు పోనక్కరలేకుండ, గురి తప్పుటను నేరము చేయుటను ఒక్క మాటలో చెప్పగల భాష మన యింటిలోనే యున్నది.

దానికి ఎదురు మాట 'ఒప్పు'. ఒప్పు అనగా సరియైనది, తగినది. దానినుండియే 'ఒప్పుకొనుట' వచ్చినది. తప్పును ఒప్పుకొనుట అని మనము నిత్యము అనుచున్నాము గాని, ఆ రెండు మాటలు ప్రక్కప్రక్కన నిలిచినప్పుడు ఎంత పెద్ద బోధ యున్నదో గమనింపము. తప్పినవాడు ఒప్పునకు చేరు మొదటి మెట్టు ఒప్పుకోలే. హెబ్రీ మాటలోని గురియు, ఆంగ్ల పదములోని 'అవును, నేనే' అను మాటయు మన తెలుగులో కలిసి నిలిచినవి.

ఇంకొక విశేషము. తెలుగులో తప్పుటలన్నియు నేరములు కావు. గండము తప్పినదనగా సంతోషము. కోడలు నెల తప్పినదనగా అత్తవారింట పండుగ. పిల్లవాడు పరీక్ష తప్పినాడు అందుము. అది దుఃఖమే గాని నేరము కాదు. మాటను బట్టి కాదు, ఏ గురిని తప్పినాడో దానిని బట్టి తీర్పుచెప్పవలెను.

మన ప్రాంతములో ఈ మాట మోసిన బరువు

19వ శతాబ్దపు చివరి భాగమున వెస్లియను మిషనరీలు హైదరాబాదు సంస్థానములోనికి వచ్చిరి. మన కరీంనగరు ఆనాడు ఎల్గందుల జిల్లాలోనిది. సువార్తను మొదట అంగీకరించినవారిలో అత్యధికులు మాల, మాదిగ పల్లెలవారు. వారికి 'పాపము' అను మాట క్రొత్తది కాదు. తరతరములుగా వారి చెవులలో పడుచున్నదే. నీవు ఈ పల్లెలో పుట్టుటయే పూర్వజన్మ పాపఫలమని వారికి చెప్పబడినది. బావియొద్దకు రాకూడదు, గుడియొద్దకు రాకూడదు, దొర గడీ ముందు చెప్పులతో నడువకూడదు. ఏల? పుట్టుకలోనే దోషమున్నదట.

అట్టివారి యొద్దకు వచ్చి బోధకుడు, మీరు పాపులు అని చెప్పినప్పుడు వారికి ఏమి వినబడియుండును? క్రొత్త మాటగా వినబడినది ఆ వాక్యములోని 'పాపులు' అను మాట కాదు. దానికి ముందున్న 'అందరును' అను మాట. దొరయు పాపియే, పట్వారియు పాపియే, మిషనరీ దొరయు పాపియే. ఏ భేదమును లేదు. గురి అందరికిని ఒక్కటే, తప్పినవారు అందరును. పాపము పుట్టుకనుండి తీసివేయబడి, గురి యొద్దకు తేబడినది. పుట్టుకను ఎవడును మార్చుకొనలేడు. గురివైపునకు మాత్రము ఎవడైనను తిరుగవచ్చును. మా దృష్టిలో మన సంఘముల చరిత్ర యంతయు ఈ యొక్క మార్పులో ఇమిడియున్నది.

ఈ గురి దొరను సహితము వదలదు. గడీలో వెట్టి చేయించుకొన్నవాడు తన గురిని తప్పలేదు. పొలము కావలెననుకొన్నాడు, సంపాదించినాడు. జీతగానిని కట్టివేయవలెననుకొన్నాడు, కట్టివేసినాడు. అతని బాణము ఒక్కటియు నేల పడలేదు. అయినను దేవుని దృష్టిలో అతనికంటె గురి తప్పినవాడు లేడు, ఏలయనగా అతడు పెట్టుకొన్న గురియే తప్పుడు గురి. జయము పొందినవాడు తప్పలేదని అనుకొనుట గొప్ప మోసము.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో మత్తయి 'ఋణములు' అని వ్రాయగా లూకా 'పాపములు' అని వ్రాసెను. ప్రభువు మాటలాడిన అరామిక్కు భాషలో అప్పునకు పాపమునకు ఒక్కటే మాట యుండుటయే ఇందుకు కారణమని పండితులు చెప్పుదురు. తాత తీసికొన్న బాకీకి మనుమడు జీతముండిన కుటుంబములు మన జిల్లాలలో ఎన్నియో. వెట్టిచాకిరిని రద్దుపరచిన కేంద్ర చట్టము 1976లో గాని రాలేదు. బాకీ కొట్టివేయబడుట అనగా నేమో ఆ కుటుంబములకు తెలిసినట్లు వేదాంత పండితులకు తెలియదు. అయితే ఇక్కడ కూడ జాగ్రత్త వలెను. పాపమును అప్పుతో పోల్చవచ్చును గాని అప్పుపడుట పాపము కాదు.

తప్పు వేరు, కొరత వేరు

ఈ చరిత్ర యంతయు ఎందుకు చెప్పితిమో ఇప్పుడు చెప్పెదము. ఉమ్మడి కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో పత్తి రైతులు అప్పుల బాధచే ప్రాణములు తీసికొనిరి. సిరిసిల్లలో మరమగ్గముల కార్మికులు అనేకులు అట్లే చనిపోయిరి. 2019 ఏప్రిలులో ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడిన తరువాత మన తెలంగాణలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరని పత్రికలు వ్రాసినవి. పరీక్ష తప్పినవారు కొందరు. తప్పితిమని అనుకొన్నవారు కొందరు. మార్కుల లెక్కలలో పొరబాట్లు జరిగినవని తరువాత తేలినది.

ఆ పిల్లలు ఏ గురిని తప్పిరి? మనుష్యులు గీసిన గురిని. వాన తప్పినందున రైతు పంట తప్పెను. నూలు ధర పెరిగినందున నేతగాని కూలి చాలలేదు. ఇవన్నియు కొరతలు, కానా పెండ్లియింటి కొరత వంటివి. అయితే మన యిండ్లలో ఈ కొరతలకు పాపము యొక్క సిగ్గు అంటుకొనుచున్నది. తప్పినాడు అను మాట విన్నంతనే పాపము చేసినాడు అన్నట్లు చూచుచున్నాము. చుట్టాలు ప్రశ్నించుదురు, పొరుగువారు పోల్చుదురు, కొన్ని చోట్ల ప్రార్థనకు వచ్చినవారే ఇంటిలో ఏదో పాపమున్నదందురు. పుట్టు గ్రుడ్డివానిని చూచి ఎవడు పాపము చేసెనని శిష్యులు అడిగినప్పుడు, వీడును కాదు వీని కన్నవారును కాదని ప్రభువు స్పష్టముగా చెప్పెను. ఆ జవాబు యోహాను సువార్త 9వ అధ్యాయములో నుండగా మనము ఇంకను శిష్యుల ప్రశ్ననే అడుగుచుండుట తగునా?

దీనికి విరుద్ధమైన కీడు కూడ గలదు. నిజముగా తప్పినవాడు దానిని కొరతయని పిలుచుకొనును. మాట తప్పి, 'పరిస్థితులు బాగుగా లేవు' అనును. కూలివాని కూలి ఎగగొట్టి, 'ఈసారి సర్దుకొనలేదు' అనును. కట్నము పుచ్చుకొని, 'లోకమంతట ఉన్నదే' అనును. ఇట్టివానికి విలుకాండ్ర కథ చాలదు. నాతాను వ్రేలు కావలెను. కొరతలో నున్నవానిని పాపియని పిలువకుండుట, పాపము చేసినవానిని కొరతవాడని సమర్థింపకుండుట, ఈ రెండును సంఘము నేర్చుకొనవలసిన పాఠములు.

తప్పిపోయిన కుమారుడు

లూకా 15వ అధ్యాయములోని చిన్న కుమారుని మనము తప్పిపోయిన కుమారుడని పిలుచుచున్నాము. ఎంత చక్కని పేరు! రోమా పత్రికలోని ఆ రెండు క్రియలును ఈ ఉపమానములో ఉన్నవి. 14వ వచనములో దేశమునకు కరవు వచ్చి అతడు ఇబ్బందిపడసాగెనను చోట కొరతపడుట అను మాట. 18వ వచనములో తండ్రి యొద్దకు పోయి చెప్పవలెనని అనుకొన్న ఒప్పుకోలులో గురి తప్పుట అను మాట. అతడు ఆ రెంటిని కలిపివేయలేదు. ఆకలిగొంటిని గనుక పాపినైతిని అనలేదు. కరవు వచ్చినందున ఇట్లైతినని కరవుమీద నెపము వేయలేదు. పరలోకమునకు విరోధముగాను తండ్రి యెదుటను తప్పితినని పలికెను. అతడు తప్పినది ధనమును కాదు, తండ్రిని.

తండ్రి యేమి చేసెను? కొరతకు అన్నము పెట్టెను, చెప్పులు తొడిగించెను, వస్త్రము కట్టించెను. తప్పునకు కౌగిలి యిచ్చెను. కుమారుడు దూరముగా నుండగానే తండ్రి చూచి కనికరపడెనని సువార్తికుడు వ్రాసెను. మన తెలుగువారు ఎవరినైన కష్టములో చూచినప్పుడు 'అయ్యో పాపం' అందురు. నేరమును సూచించు మాటనే జాలికి వాడుకొన్న జాతి మనది. నిఘంటువు వ్రాయువారు దీనిని అర్థభేదమని వ్రాసి విడిచిపెట్టుదురు. మేము మాత్రము దీనిలో ఒక సాక్ష్యమును చూచుచున్నాము. దేవుడు మన పాపమును చూచునప్పుడు పాపమునే చూచును, ఒప్పుగా ఎంచడు. అయినను ఆ చూపులో 'అయ్యో పాపం' అను తండ్రి గుండె యున్నది.

ప్రియ సంఘస్థులారా, నూరేండ్ల లెక్కలో మనము చేరుకొనలేక పోయినవి అనేకములున్నవి. వాటిలో కొన్ని కొరతలు. వాటిని దేవుని యెదుట దాపరికము లేక పెట్టి అడుగుదము. కొన్ని తప్పులు. వాటిని తప్పులనియే పిలిచి ఒప్పుకొందము. పరీక్షల ఫలితములు వెలువడునప్పుడు, మీ వీధిలో పరీక్ష తప్పిన బిడ్డ యింటికి ఆ సాయంకాలమే వెళ్లుడి. తప్పిన గురి చిన్నదనియు, పెద్ద గురి ఇంకను ఎదుటనే యున్నదనియు ఆ బిడ్డతో చెప్పుడి. ఒంటరిగా విడువకుడి. నూరేండ్లు ఈ మాటను ప్రకటించిన సంఘమునకు అది తగిన పని.

తప్పిపోయినవారిని వెదకి రక్షించుటకు వచ్చిన ప్రభువు నామమునకు మహిమ కలుగును గాక. ఆమేన్.